యాభై ఏళ్ళ కొత్తిల్లు

మా ఆయన రామ్మూర్తిగారు తన జీవితంలో ఒక ఇంటికి ప్లాను గీశారు. నాకు పెళ్ళయిన మూడో రోజున ఆ సంగతి తెలిసింది. ఆ తర్వాత నలభై ఆరేళ్ళలో ఒక్క వారం కూడా దాన్ని మరచిపోయే అవకాశం దొరకలేదు.

ఆయన ప్రభుత్వ ఇంజనీరింగు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. సర్వీసంతా గీసినవి కల్వర్టులూ, కాలవ తూములూ. ఇల్లు మాత్రం అదొక్కటే. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళలో, ఇరవై రెండేళ్ళ వయసులో, వేంపల్లె నుంచి పని మీద వచ్చిన ఒక నూనె మిల్లు శెట్టిగారికి గీసి ఇచ్చారట. ఆఫీసులో ఎవరో తెప్పించుకునే విదేశీ పత్రిక పక్కన పెట్టుకుని, అందులో బొమ్మల్లాంటి ఇల్లు. గోడలు లేవకముందే రాజధాని హైదరాబాదుకి పోయింది, ఈయన్ని కృష్ణా కాలవల మీదకు పంపారు. అంటే ఆ ఇంటిని ఆయన కళ్ళతో చూడలేదు. చూడని ఇంటి గురించి అంతకాలం మాట్లాడగలిగిన మనిషి ఇంకొకరు ఉంటారని నేననుకోను. తెనాలిలో మా వంటింటి తలుపుకి గడియ పడదు. బాగుచేయించండి అంటే, వేంపల్లె ఇంట్లో తలుపులు గోడలోకి ఎలా జారిపోతాయో చెప్పేవారు.

మొన్న శివరాత్రికి ముందు పత్తికొండ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది మస్తాన్ సాహెబ్. కర్నూలు ఆఫీసులో ఈయన గీసినవాటికి బ్లూ ప్రింట్లు తీసిన మనిషి. వేంపల్లె ఇల్లు చెక్కుచెదరకుండా అలాగే ఉందనీ, లోపలి సామానుతో సహా కాపాడి జనానికి చూపిస్తున్నారనీ రాశాడు. ఆ ఉత్తరం మా ఆయన నాకు నాలుగుసార్లు చదివి వినిపించారు. ఐదోసారి వినడం కంటే రాయలసీమ ఎండే నయమనిపించి, సరే పదండి అన్నాను.

కర్నూలు

కర్నూల్లో మేము చూసింది ఒక ఖాళీ జాగా. నిజానికి దాన్ని కూడా చూశామని చెప్పలేను, ఎక్కడుందో తేలలేదు గనక.

రాజధాని రోజుల్లో ఆఫీసులకు కట్టడాలు లేక గుడారాలు వేశారు. మా ఆయన గుడారంలో కూర్చుని గీసేవారు. ఆ చోటు చూడకపోతే యాత్ర పూర్తి కాదన్నారు. పొద్దున్నే బయల్దేరి కనబడిన ప్రతివాణ్ణీ, "ఇక్కడ గుడారాలు వేసిన మైదానం ఏది?" అని అడగడం మొదలుపెట్టారు. ఒక పుచ్చకాయల బండి అతను ఆలోచించి, "సర్కసోళ్ళవా సార్? వాండ్లు పోయిన నెలే పోయినారు," అన్నాడు. నాకు కర్నూలు మీద గౌరవం కలిగింది ఆ ఒక్క క్షణమే.

మధ్యాహ్నానికి మా ఆయన ఒక సెల్‌ఫోన్ల దుకాణం ముందు ఆగి, ఇదే ఆ చోటు అని తేల్చారు. గాలికి ఒకసారి గుడారం లేచిపోతే మంత్రిగారి కాగితాలు తుంగభద్ర దాకా ఎగిరిపోయాయని అక్కడే నిలబడి చెప్పారు. దుకాణంవాడు మాకు రీచార్జి కూపను అమ్మబోయాడు.

ఊరిని మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది, ఉగ్గాని. బొరుగులు తడిపి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు ఎనిమిది రూపాయలు. మా వైపు మరమరాలంటే పిల్లల చేతిలో పోసేవి. ఇక్కడ వాటికి ఒక హోదా ఉంది. బజ్జీ కొరికాక నాకు కాసేపు ఏమీ వినబడలేదు. మా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు గనక అదీ ఒక సుఖమే.

పత్తికొండ

పత్తికొండలో బస్సు దిగగానే కాలు పడింది టమాటాల మీద. అతిశయోక్తి కాదు. మార్కెట్టు బయట రోడ్డు మీద ఎర్రగా పారబోసి ఉన్నాయి, ఆవులు తిని తిని విసిగిపోయి పక్కన పడుకున్నాయి. గంప పది రూపాయలకు కూడా అడిగే దిక్కు లేదట. తెచ్చిన బాడుగ కూడా రాదని రైతులు అక్కడే ఒంపేసి ఖాళీ గంపలతో పోతున్నారు. ఒకాయన తన గంపను బోర్లించి, చేయి దులుపుకుని, నా చెప్పుకంటిన గుజ్జు చూసి, "కడుక్కో తల్లీ, ఆ కొళాయి ఉండాది చూడు," అన్నాడు. అంత కష్టంలోనూ నా చెప్పు సంగతి పట్టించుకున్నాడా మనిషి. ఆ కొళాయి దగ్గరికే వెళ్ళి కడుక్కున్నాను.

మస్తాన్ సాహెబ్ ఇల్లు మార్కెట్టుకి వెనక సందులో. ఎండుకట్టెలా ఉన్నాడు, పళ్ళు లేవు, చూపు మాత్రం సూదిలా ఉంది. ఇద్దరు ముసలివాళ్ళూ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మస్తాన్ కోడలు జొన్నరొట్టెలు తడుతుంటే నేను పక్కన కూర్చున్నాను. చేత్తో తట్టిన రొట్టె అంత పల్చగా, అంత గుండ్రంగా రావడం నేను చూడలేదు. చెనక్కాయల పచ్చడీ, వంకాయ కూరా వేసి పెట్టింది. మా ఆయన మూడు తిన్నారు. నేను నాలుగు తిన్నానని ఆయన తర్వాత ఊరంతా చెప్పారు.

తిన్నాక వేంపల్లె ఇంటి మాట వచ్చింది. మస్తాన్ అల్లుడు పని మీద అటు పోయి చూసి వచ్చాడట. కుర్చీలూ బల్లలూ రేడియో పెట్టె అన్నీ నిన్న కొన్నట్టున్నాయనీ, లోపలికి పోవాలంటే దుడ్లు కట్టాలనీ చెప్పాడట. మా ఆయన ముఖం చూడాలి ఆ సమయంలో. పెళ్ళిపీటల మీద కూడా అంత వెలుగు లేదు.

"అన్నీ అట్లే ఉండాయంట రామ్మూర్తీ," అన్నాడు మస్తాన్. "ఆ మెట్లు గూడా. వద్దని మన ఆఫీసు పెద్దాయన నెత్తీ నోరూ కొట్టుకున్యాడు గదా. సంసారం ఇంట్లో ఇట్లాంటివి పెట్టకప్పా అని. నువ్వు యాడ వింటివి?"

మా ఆయన నవ్వలేదు. టమాటాల ధర గురించి అడగడం మొదలుపెట్టారు. ఆయనకి టమాటాల మీద ఆసక్తి ఉండటం నేను ఆరోజే మొదటిసారి చూశాను. మెట్ల సంగతేమిటని తర్వాత బస్సులో అడిగితే కిటికీ వైపు తిరిగి నిద్రపోయారు.

వేంపల్లె

వేంపల్లెలో ఆ ఇంటి పేరు కొత్తిల్లు. కట్టి యాభై ఏళ్ళయినా అదే పేరు. ఆటో అతను, "కొత్తింటికా?" అని మరేమీ అడగకుండా తీసుకుపోయాడు.

చుట్టూ కడప బండలు పరిచిన మిద్దెలు. మందమైన గోడలు, చిన్న కిటికీలు, తల వంచుకుని దూరే తలుపులు. ఆ ఎండకి తగినట్టు బుద్ధిగా కట్టుకున్న ఇళ్ళు. వాటి మధ్య ఇది, పక్షి రెక్కలు విప్పి లేవబోతూ మనసు మార్చుకున్నట్టు, కప్పు రెండు వైపులా పైకి లేచి మధ్యలో కిందికి వాలి ఉంది. పడమటి గోడ గోడే కాదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దం. వేంపల్లెలో పడమటి వైపు అద్దం పెట్టిన మనిషి నా మొగుడు. నేను నలభై ఆరేళ్ళు ఊహించుకున్నదానికంటే అది అధ్వాన్నంగా ఉంది.

చూపించేవాడు శెట్టిగారి మునిమనవడు సుధాకర్. ఇరవై నాలుగేళ్ళుంటాయి. సెంటు, చేతిలో రెండు సెల్‌ఫోన్లు. మనిషికి పది రూపాయలు తీసుకుని, పత్తికొండలో గంప టమాటాలకు ఎవరూ ఇవ్వని సొమ్ము, గులాబీ రంగు టికెట్లు చింపి ఇచ్చాడు. కడప నుంచి వచ్చిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు మాతోపాటు ఉన్నారు. చెప్పులు బయట వదలాలి. ఏదీ ముట్టకూడదు. ఎక్కడా కూర్చోకూడదు.

లోపల ఏముందో చెబుతాను. వెళ్ళని వాళ్ళకి పది రూపాయలు మిగులుతాయి.

నేల మొజాయిక్, బూడిద రంగులో ఎర్రటి వంపులు. మధ్యలో సన్నటి గుండ్రటి స్తంభం. మోకాలి ఎత్తు కూడా లేని టేకు సోఫా, కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు చాచుకుని అప్పుడే పుట్టిన దూడలా నిలబడి ఉంది. దాని మీద మందపాటి ప్లాస్టిక్ తొడుగు. జీడిపప్పు ఆకారంలో ఒక బల్ల, దాని మీదా ప్లాస్టిక్. రేడియోగ్రామ్ మూత తీసి సుధాకర్ ఒక మీట నొక్కితే పాత పాట వచ్చింది. వంగి చూస్తే లోపల చైనా టేపు రికార్డరు పెట్టి ఉంది. ఎనిమిది కుర్చీల భోజనాల బల్ల, గీత పడలేదు. దాని వెనక గోడకి కిటికీ లాంటి కంత, అందులోంచి వంటిల్లు. వంటింట్లో నడుము ఎత్తు గట్టు, పచ్చటి పలకలు, తెల్లటి తొట్టి. పొగ మరక లేదు, నూనె జిడ్డు లేదు, ఒక్క చెంచా లేదు. మనుషులు యాభై ఏళ్ళు బతికిన ఇంట్లో ఇది ఎలా సాధ్యమని నాకు అనుమానం వచ్చింది. గుడిలో గర్భాలయం కూడా ఇంతకంటే వాడినట్టు ఉంటుంది.

మధ్యాహ్నం మూడు దాటింది. పడమటి అద్దంలోంచి ఎండ లోపలికి వచ్చి సోఫా మీద కూర్చుంది. టికెట్టు లేకుండా కూర్చున్నది అదొక్కటే. ప్లాస్టిక్ వేడెక్కి వాసన కొట్టసాగింది. మేమంతా చెమటతో తడిసిపోయాం.

"ఈ ఇల్లు గీసింది జర్మనీ ఇంజనీరు సార్," అన్నాడు సుధాకర్. "మద్రాసులో ఉండె. మా పెద్ద జేజినాయన స్పెషల్‌గా పిలిపించినాడు."

మా ఆయన ఇంతెత్తున లేస్తారనుకున్నాను. లేవలేదు. తల కొంచెం పక్కకు వంచి, సిగ్గుపడుతున్న పెళ్ళికొడుకులా నిలబడ్డారు. తన గీత జర్మనీవాడి గీతలా ఉందనడం ఆయనకి బహుమానంలా తోచిందని నాకు అర్థమైంది. ఇంకొంచెం పొగిడించుకుని అప్పుడు బయటపడదామని ఆగుతున్నారు.

మెట్ల దగ్గరికి వచ్చాం. రెండు ఇనుప దూలాల మీద టేకు పలకలు, ఒకదాని పైన ఒకటి. మెట్టుకీ మెట్టుకీ మధ్య అడ్డుపలక లేదు, ఉత్త ఖాళీ. గాలిలో తేలుతున్నట్టు ఉంటాయి. ఇట్లాంటివి జిల్లాలోనే లేవని సుధాకర్ అన్నాడు. పైన పడకగది ఉంది రండి అన్నాడు.

నేను మెట్ల వంక చూశాను, నా చీర వంక చూసుకున్నాను, మెట్ల కింద నిలబడి పైకి చూస్తున్న కాలేజీ కుర్రాళ్ళను చూశాను. రానన్నాను. మా ఆయన నా వైపు ఒకసారి చూసి, సుధాకర్ వెనక ఎక్కి వెళ్ళిపోయారు. ఆ మెట్లు ఎక్కే ఆడది ఒకతె ఉంటుందని, ఆమె చీర కట్టుకుంటుందని ఈయన బుర్రకి తట్టలేదన్నమాట. బుర్ర కూడా ఆ గదుల్లాగే ప్లాస్టిక్ తొడుగు వేసి దాచుకున్నదేమో.

వెనక మిద్దె

"మజ్జిగ తాగుతావా అమ్మా? ఆడ ఉడికిపోతావు, ఇట్ల రా."

వెనక తలుపులోంచి పిలిచింది ఒక పెద్దామె. డెబ్భైకి దగ్గర ఉంటుంది. ముతక నూలు చీర, చేతికి తడి. ఆమె వెంట వెళితే పెరట్లో బండల మిద్దె ఒకటి, తక్కిన ఊరిలో ఉన్నలాంటిదే. లోపల అడుగు పెట్టగానే చల్లగా తగిలింది. రోలు, పొయ్యి, గోడకి మసి, మంచం మీద బొంత, ఉట్టి, కేలండరు. శెట్టిగారి వంశం యాభై ఏళ్ళుగా బతుకుతున్న ఇల్లు ఇది. ముందున్నది ఊరికి చూపించడానికి.

ఆమె పేరు సుబ్బరత్నమ్మ, ఇల్లు కట్టించిన శెట్టిగారి కోడలు, సుధాకర్‌కి నాయనమ్మ. గృహప్రవేశం అయిన ఏడే కాపురానికి వచ్చిందట, పదిహేడేళ్ళ పిల్ల. మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చి, ఇల్లు బాగుందా అని అడిగింది. నేను మొహమాటానికి కూడా బాగుందనలేకపోయాను. ఆమె నవ్వింది. ఆ తర్వాత మా ఇద్దరికీ పరిచయం అక్కర్లేకపోయింది.

ఆ వంటింట్లో వంట జరిగింది రెండేళ్ళ పైచిలుకేనట. గట్టు మీద కట్టెల పొయ్యి పెడితే పొగ పోయే దారి లేదు. రోటికి చోటు లేదు, పెరట్లో రుబ్బుకుని మోసుకురావాలి. గోడలోని కంతలోంచి గిన్నెలు అందించాలని మామగారి ఆజ్ఞ, అవతల కూర్చున్న కడప ఆఫీసర్లంతా ఆ కంతలోంచి ఈమె ముఖం చూసేవారు. ఎండాకాలం సాయంత్రాలు ముందు హాలులో అన్నం కూడా చెమర్చేదని చెప్పింది.

"ఈ ఇల్లు గీసినోడు వాళ్ళమ్మ వంట చేసేది ఎబ్బుడూ చూసినట్ల లేదు," అంది.

నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నలభై ఆరేళ్ళకి నా పక్షాన ఒక సాక్షి దొరికింది. ఇంకా చెప్పించుకోవాలని, మరి వంట ఎందుకు ఆపేశారు, మామగారు ఎలా ఒప్పుకున్నారు అని అడిగాను. మామగారు ఒప్పుకోలేదట. ఈమే ఆపేసిందట.

ఆ సంగతి ఆమె మామూలు గొంతుతోనే చెప్పింది. పెద్ద కూతురు సరస్వతి. అప్పుడు ఏడాది దాటి రెండు నెలలు. పాకుతూ పాకుతూ మెట్లెక్కడం నేర్చుకుంది. ఈమె వంటింట్లో పొగలో ఉంది. ఏడో మెట్టు మీదో ఎనిమిదో మెట్టు మీదో పిల్ల వెనక్కి వాలి, మెట్ల మధ్య ఖాళీలోంచి కిందికి జారి, మొజాయిక్ మీద పడింది. తొడ ఎముక విరిగింది. కట్టు కట్టించారు గాని సరిగ్గా అతకలేదు. ఇప్పుడు ప్రొద్దుటూరులో బళ్ళో టీచరు, ఒక కాలు ఈడ్చి నడుస్తుంది.

"మెట్లకు వెనక పలకలు కొట్టించు మామా అని కాళ్ళు పట్టుకుంటి. అందం పోతాదన్యాడు. సరే నీ అందం నువ్వే పెట్టుకో అని బిడ్డను ఎత్తుకుని ఈడికి వచ్చినా. ఇంగ ఆ ఇంట్లో పొయ్యి ముట్టించలే. నేనొస్తే అందరూ వచ్చిరి. తిండి ఈడ గదా."

అంటే ఆ సోఫా కొత్తగా ఉన్నది ఎవరో భద్రంగా చూసుకోవడం వల్ల కాదు. ఒక తల్లి అలిగి వెళ్ళిపోవడం వల్ల. మామ పోయాక భర్త, పెద్దాయన కట్టింది ముట్టొద్దన్నాడట. భర్త పోయాక మనవడు టికెట్టు పెట్టాడు. పై గది ఎలా ఉంటుందని అడిగితే, తెలియదు అంది. పెళ్ళయిన కొత్తలో నలుగురిలో ఆ మెట్లెక్కడానికి సిగ్గు. ఆ తర్వాత వాటి ఛాయలకే పోలేదు. పైకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

నా చేతిలో మజ్జిగ అలాగే ఉంది. తలుపు దగ్గర నీడ కదిలింది. మా ఆయన. నన్ను వెతుక్కుంటూ వచ్చి ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. ముఖం చూస్తే అంతా విన్నారని తెలిసింది.

నేను గభాలున లేచాను. "పదండి, బస్సుకి వేళవుతోంది," అన్నాను. అంతవరకూ ఆయన ఎప్పుడు నోరు మూసుకుంటారా అని చూసినదాన్ని, ఆ క్షణంలో మాత్రం ఆయన నోరు తెరవకుండా అక్కణ్ణుంచి తీసుకుపోవాలనిపించింది. ఎవరికీ తెలియదు. జర్మనీవాడి మీద పోతుంది.

ఆయన కదల్లేదు.

"అమ్మా, ఆ మెట్లు గీసింది నేను," అన్నారు. "ఇల్లంతా నేనే గీశాను. మెట్లు అలా వద్దని మా పెద్ద ఇంజనీరు చెప్పాడు. పుస్తకంలో అందంగా ఉన్నాయని ఉంచేశాను."

సుబ్బరత్నమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదో, వచ్చి పోయిందో నాకు తెలియలేదు.

"నీకప్పుడు ఎంత వయసప్పా?"

"ఇరవై రెండు."

"మా మామకు యాభై దాటినాయి," అంది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, "నా బిడ్డ నడక సూసినబ్బుడంతా, ఎవుడో గీసినోడు యాడనో సుఖంగా ఉండాడు అనుకుంటాంటి. నిజంగానే ఉండావు," అంది.

ఆయన తల వంచుకుని నిలబడ్డారు. నేను ఆయన్ని ఎన్నోసార్లు ఎన్నో మాటలన్నాను. ఏ మాటకీ అలా నిలబడలేదు.

"గీసినోనివి నువ్వే అయితే ఒగ పని చెయ్యి," అందామె. "ఆ మెట్లకు పలకలు కొట్టించు. నేను చెప్తే నా మనవడు వినడు. నాకు పైకి పోవాలని ఉండాది."

దిద్దుబాటు

సుధాకర్ మొదట నమ్మలేదు. తెనాలి నుంచి వచ్చిన ముసలాయన ఎండకి మతి తప్పాడనుకున్నాడు. మా ఆయన టికెట్టు వెనక పెన్నుతో ఇంటి ప్లాను గీశారు. ఏ గది ఎన్ని అడుగులో రాశారు. వాడు అప్పుడూ నమ్మలేదు. చివరికి మా ఆయన హాలులో స్తంభం మీద చెయ్యి వేసి, "వాన పడితే ఇందులో బుడబుడమని చప్పుడవుతుందా?" అని అడిగారు. కప్పు మీద పడిన నీళ్ళు మధ్యలోకి వచ్చి దిగడానికి స్తంభం లోపల గొట్టం పెట్టించారట. ఆ చప్పుడు ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. స్తంభంలో గాలి చేరిందని ఒకసారి తాయెత్తు కూడా కట్టారు.

సుధాకర్‌కి నమ్మక తప్పలేదు. తర్వాత, పలకలు కొడితే ఒరిజినల్ పోతుంది సార్, చూడటానికి ఎవరొస్తారు అని మొదలుపెట్టాడు.

"ఒరిజినల్‌లోనే తప్పుంది నాయనా," అన్నారు మా ఆయన. "నేను గీసిందే. నన్ను దిద్దుకోనివ్వు."

ఆ రోజు వెనక మిద్దెలోనే ఉండిపోయాం. పొద్దున్నే దానియేలు అనే వడ్రంగి వచ్చాడు. ప్రార్థన చేసుకుని గాని రంపం పట్టడు. ఈ పని ఇరవై ఏళ్ళ కింద తానే చేస్తానంటే ఇంటివాళ్ళు తరిమేశారని చెప్పి, ఎవరి వంకా చూడకుండా కొలతలు తీయడం మొదలుపెట్టాడు. మా ఆయన డెబ్భై మూడేళ్ళ మనిషి మెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో ఖాళీకి పెన్సిలుతో గీత పెట్టి ఇచ్చారు. ఖాళీలు పద్నాలుగు. రంపపు పొట్టు మొజాయిక్ మీదా, సోఫా ప్లాస్టిక్ మీదా పడింది. సుధాకర్ గుడ్డ పట్టుకుని వెనకాలే తిరిగాడు. టికెట్టు కొని వచ్చిన ఒక కుటుంబం, ఇంట్లో మరమ్మతు జరుగుతుంటే ఏం చూస్తామని డబ్బు వెనక్కి అడిగి తీసుకుపోయింది. వాళ్ళకి మంచి పనే జరిగింది.

సాయంత్రం నాలుగింటికి పని అయిపోయింది. కొత్త పలకలు తెల్లగా, పాతవి నల్లగా, చూడటానికి వికారంగానే ఉన్నాయి. గాలిలో తేలడం మానేసి అవి మామూలు మెట్లయ్యాయి.

సుబ్బరత్నమ్మ తల దువ్వుకుని, వేరే చీర కట్టుకుని వచ్చింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మడమతో వెనక పలకను తన్ని చూసింది. రెండో మెట్టు మీదా తన్ని చూసింది. ఏడో మెట్టు దగ్గర ఆగింది. నేను వెనక ఉన్నాను. ఆమె చెయ్యి నా భుజం కోసం వచ్చింది, నేను పట్టుకున్నాను. మా ఆయన కింద, ఆ పిల్ల పడిన చోటే అనుకుంటాను, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేము పైకి చేరేదాకా తల ఎత్తలేదు.

పై గదిలో మంచం, గుండ్రటి అద్దం, కిటికీ. అన్నింటి మీదా ప్లాస్టిక్. కిటికీ తలుపు గోడలోకి జారే రకం. నలభై ఆరేళ్ళు విన్నాను గనక ఎటు లాగాలో నాకు తెలుసు. లాగాను. ఎండిపోయిన పాపఘ్ని ఏటి ఇసుకా, అవతల కొండలూ కనిపించాయి. దక్షిణం నుంచి గాలి కొట్టింది, గట్టిగా, చల్లగా. సీమలో తిరిగిన నాలుగు రోజుల్లో నాకు తగిలిన మొదటి గాలి. ఇంటికంతటికీ ఒక్క గది సరిగ్గా గీశారు, దాన్ని ఆడవాళ్ళు ఎక్కలేని మెట్ల మీద పెట్టారు. తెనాలి చేరాక ఈ మాట ఆయనతో అనాలని గట్టిగా అనుకున్నాను. ఇంతవరకూ అనలేదు.

సుబ్బరత్నమ్మ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత మంచం మీది ప్లాస్టిక్‌ను రెండు చేతులా లాగి కింద పారేసి, దుప్పటి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"గాలి శానా బాగుండాది," అంది.

కింద నుంచి సుధాకర్ కేకేశాడు. పొద్దు వాలుతోంది, దిగిరా జేజీ, సంగటి చల్లారుతుంది అని. ఆమె రెండుసార్లు పలకలేదు. మూడోసారి, "ఈడికే తీసుకరా," అంది.

తప్పక తెచ్చాడు. కంచంలో సంగటి ముద్ద, పప్పు, చెనక్కాయల పచ్చడి. ఆమె ఒళ్ళో పెట్టుకుని తినసాగింది. మూడో ముద్దకి పప్పు జారి యాభై ఏళ్ళ తెల్ల దుప్పటి మీద పడి, పసుప్పచ్చగా పాకింది. సుధాకర్ గుడ్డ కోసం అటూ ఇటూ చూశాడు. సుబ్బరత్నమ్మ ఆ మరక వైపు ఒకసారి చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగి, తింటూనే ఉంది.